విత్‌డ్రాయల్‌లో బీపీ పడిపోయిన రోగి: ట్రమడాల్ అలవాటు, మూగబోయిన కార్టిసాల్

ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) మాత్రలు ఒక్కసారిగా ఆపేసి విత్‌డ్రాయల్‌లో (మందు ఆపితే వచ్చే బాధలో) పడ్డ మనిషికి బీపీ పెరగాలి. గుండె దడదడలాడాలి, చెమట పట్టాలి. అలాంటి మనిషికి బీపీ తగ్గుతోందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. ఈ కేసంతా ఆ తప్పిన లెక్క గురించే, దాని వెనక ఉన్న కార్టిసాల్ (ఒత్తిడి వేళ ఒంటిని నిలబెట్టే అడ్రినల్ గ్రంథి హార్మోన్) గురించే. ఇందులోని రోగి ఒక్క మనిషి కాదు. ఒకే దారిలో నడిచే కేసుల్ని కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కూర్చిన రూపం. అంకెలు కూడా ఆ రూపానికి తగ్గట్టు పెట్టినవే.

వచ్చినప్పుడు

వయసు 44, మగ మనిషి, ఉత్తర తెలంగాణలో గ్రానైట్ క్వారీ పని. నాలుగేళ్ల కిందట నడుములో ఎల్4-ఎల్5 వెన్నుపూసల దగ్గర డిస్క్ జారింది. అప్పుడు రాసిచ్చిన మందు ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 మి.గ్రా. కలిసిన మాత్ర, రోజుకు రెండు. ఏడాదికి రెండు కాస్తా ఆరయ్యాయి, ఇప్పుడు పదహారు. 'పొద్దుగాల నాలుగు ఏసుకుంటెనే కాళ్లు లేస్తయి సార్' అన్నది ఆయన మాట. భార్య చెప్పింది వేరు: 'అన్నం సగమే తింటుండు. ఎప్పుడు జూసినా పండుకునే ఉంటుండు.' అయిదు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. ఆరు వారాల కిందట ఇరవై మాత్రలు వేసుకున్న రోజు ఒకసారి ఫిట్స్ వచ్చాయి.

పదహారు మాత్రలంటే ట్రమడాల్ 600 మి.గ్రా. రోజుకు 400 దాటకూడదు, దాటితే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. ఇప్పుడు వాడే మార్పిడి లెక్కలో ట్రమడాల్‌ని 0.2తో గుణిస్తారు, అంటే రోజుకు 120 మి.గ్రా. మార్ఫిన్ మింగుతున్నట్టు. 'ట్రమడాల్ చిన్న మందే కదా' అనే వాళ్ల ముందు ఈ గుణకారం ఒకసారి కాగితం మీద వేసి చూపించాలి. దాని వెనక దాక్కున్న పారాసెటమాల్ 5.2 గ్రాములు. లివర్ పరీక్షలో ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 41 కాబట్టి బతికిపోయాడు. 50 దాటి ఉంటే పారాసెటమాల్ విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్ గురించి ఆలోచించాల్సి వచ్చేది.

అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. మొదటిది కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలుస్తుంది. అది ఆగినా వణుకు, నిద్రలేమి, ఫిట్స్ వస్తాయి. ఈయన కల్లు మానేసి ఏడాది దాటింది, మూత్రంలో బెంజోడయజిపైన్ లేదు. రెండోది మూత్రం స్ట్రిప్పు. మామూలు ఓపియేట్ స్ట్రిప్పు మార్ఫిన్ జాతిని పడుతుంది కానీ ట్రమడాల్‌ని పట్టదు. నెగటివ్ వచ్చిందని రోగిని అబద్ధాలకోరుగా చూడకూడదు. ట్రమడాల్‌కి విడిగా స్ట్రిప్పు ఉంటుంది.

చివరి మాత్ర రాత్రి 10 గంటలకు, చేర్చుకున్నది పొద్దున 8కి. ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లలో పీకులు, వికారం, పెద్దవైన కంటి పాపలు. కౌస్ (ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ తీవ్రతని కొలిచే ఫారం) స్కోరు 13, అంటే మధ్యస్థం. బీపీ పడుకున్నప్పుడు 104/68, నిలబెడితే 84/56. పల్స్ 92 నుంచి 118కి పోయింది. రక్తం తీసి పంపారు. 'నీళ్లు తక్కువయ్యాయి' అని ఓఆర్‌ఎస్ రాసి, అలవాటు ప్రకారం విత్‌డ్రాయల్ దడని తగ్గించే క్లోనిడిన్ 100 మైక్రోగ్రాములు రోజుకు మూడుసార్లు మొదలుపెట్టారు.

కౌస్‌లో పదకొండు అంశాలున్నాయి, వాటిలో పల్స్ ఉంది కానీ బీపీ లేదు. స్కోరు వేసిన నర్సు తప్పేమీ చేయలేదు. అడగని ప్రశ్నకు ఆ ఫారం జవాబు చెప్పదు, అంతే. వికారం, ఒళ్లు నొప్పులు, ఆందోళన, వణుకు ఈ నాలుగూ కార్టిసాల్ తగ్గినా వస్తాయి. విత్‌డ్రాయల్‌కే సొంతమైనవి కంటి పాప, ఆవలింత, నిక్కబొడుచుకున్న రోమాలు, కారే కళ్లూ ముక్కూ. స్కోరులో ఏ వాటా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడటం అలవాటు చేసుకోవాలి.

సాయంత్రం అయిదున్నర

క్లోనిడిన్ రెండో మోతాదు ఇచ్చిన గంటన్నరకి బాత్రూమ్ గుమ్మం దగ్గర కూలబడ్డాడు. బీపీ 72/40, పల్స్ 110, వేలి మీద గుచ్చి చూస్తే షుగర్ 52. కాళ్లు పైకెత్తి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ., ఒక లీటరు నార్మల్ సెలైన్. లీటరు పోయాక కూడా బీపీ 80/50 దగ్గరే ఉంది. అప్పుడు పొద్దుటి రిపోర్టు తెప్పించారు: సోడియం 121, పొటాషియం 4.4, క్రియాటినిన్ 0.9, ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 7 శాతం.

ద్రవానికి లొంగని బీపీ, తక్కువ సోడియం, తక్కువ షుగర్, షాక్‌లో ఉన్న మనిషికి ఉండకూడనన్ని ఇసినోఫిల్స్. ఈ నాలుగూ ఒక చోట కలిస్తే కార్టిసాల్‌ని తలుచుకోవాలి. రెండు ట్యూబులు తీశారు. కార్టిసాల్‌కి మామూలు సీరం ట్యూబు. ఏసీటీహెచ్‌కి (అడ్రినల్‌ని లేపే హార్మోన్, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది) ఊదారంగు మూత ట్యూబు, ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబుకు. ఐస్ లేకుండా గంట కూర్చున్న ఏసీటీహెచ్ ట్యూబు తప్పుగా తక్కువ చూపిస్తుంది, అది చూసి పిట్యూటరీనే దోషి అనుకుంటాం. రిపోర్టు కోసం ఆగలేదు. హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) 100 మి.గ్రా. నరానికి, ఆ తర్వాత 24 గంటల పాటు ఆరు గంటలకోసారి 50 మి.గ్రా. చిన్న ఊళ్లో హైడ్రోకార్టిసోన్ దొరక్కపోతే డెక్సామెథసోన్ 4 మి.గ్రా. ఇవ్వొచ్చు. అది కార్టిసాల్ పరీక్షలో కలవదు కూడా.

రెండున్నర గంటల్లో బీపీ 108/70. మర్నాడు వచ్చిన జవాబు: కార్టిసాల్ 3.1 మైక్రోగ్రాములు/డెసిలీటర్, ఏసీటీహెచ్ 8 పికోగ్రాములు/మి.లీ. షాక్, షుగర్ పడిపోవడం, విత్‌డ్రాయల్ మూడూ ఒకేసారి మీద పడ్డ మనిషికి కార్టిసాల్ 18 పైనే ఉండాలి. ఏసీటీహెచ్ వందల్లో ఉండాల్సిన చోట 8 ఉందంటే, గుర్రం (అడ్రినల్) కదలకపోవడం కాదు, కొరడా పట్టినవాడే (పిట్యూటరీ) నిద్రపోయాడు. పొటాషియం మామూలుగా ఉండటమూ, ఒంటి రంగు నల్లబడకపోవడమూ అదే చెబుతున్నాయి. అడ్రినల్ గ్రంథే చెడి ఉంటే, మన దగ్గర క్షయతో చెడేది అలాగే, పొటాషియాన్ని బయటికి పంపే అడ్రినల్ హార్మోన్ ఆల్డోస్టిరాన్ కూడా పోయి పొటాషియం పెరిగేది.

మెదడులో జరిగింది

ట్రమడాల్ లివర్‌లో సీవైపీ2డీ6 ఎంజైమ్ దగ్గర ఓ-డెస్మిథైల్ ట్రమడాల్‌గా మారుతుంది. మ్యూ రిసెప్టర్‌ని (కణం మీద ఓపియాయిడ్ పనిచేసే చోటు) గట్టిగా పట్టేది అదే. మాత్రలో ఉన్న అసలు రూపం సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ తిరిగి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అందుకే ట్రమడాల్ ఆపిన వాళ్లలో కొందరికి మామూలు ఓపియాయిడ్ బాధలతో పాటు తలలో కరెంటు కొట్టినట్టుండటం, తీవ్రమైన భయం, లేనివి కనిపించడం లాంటివీ వస్తాయి.

మ్యూ రిసెప్టర్‌కి మందు తగలగానే కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది. పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం ద్వారాలు మూసుకుంటాయి. కణం చల్లబడుతుంది. నెలల తరబడి ఇదే జరిగితే కణం ఊరుకోదు. రిసెప్టర్‌కి ఫాస్ఫేట్ తగిలించి, అరెస్టిన్ ప్రొటీన్‌తో కప్పి, దాని పనితీరు తగ్గిస్తుంది. ఇంకోవైపు సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే అడినిలేట్ సైక్లేజ్‌ని పెంచుకుంటూ పోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్న లారీని నడపడానికి యాక్సిలరేటర్ మీద కాలు బలంగా వేసుకుంటూ పోయినట్టు. రెండు మాత్రలు పదహారైంది ఇలాగే. ఇప్పుడు బ్రేకు తీస్తే లారీ ఎటు పోతుందో అదే విత్‌డ్రాయల్.

ఆ లారీ పరుగు బాగా కనిపించే చోటు మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్. మెదడులో నార్‌అడ్రినలిన్ ఎక్కువగా పుట్టేది అక్కడే. మందు ఆగగానే ఆ కణాలు విపరీతంగా పేలతాయి. పల్స్, చెమట, వణుకు, బీపీ పెరగడం అన్నీ దాని ఫలమే. క్లోనిడిన్ ఆల్ఫా-2 రిసెప్టర్ ద్వారా అదే కణాల్ని శాంతపరుస్తుంది. సరైన మందే.

ఇక ఒత్తిడి హార్మోన్ల సంగతి. పిట్యూటరీలో పీవోఎంసీ అనే ఒకే తల్లి ప్రొటీన్ చీలి ఏసీటీహెచ్, బీటా-ఎండార్ఫిన్ పుడతాయి. ఒకటి అడ్రినల్‌ని లేపేది, ఇంకొకటి ఒంట్లో తయారయ్యే ఓపియాయిడ్. ఒత్తిడికి జవాబు చెప్పే వ్యవస్థా, ఆ జవాబుని అదుపులో పెట్టే వ్యవస్థా తోబుట్టువులన్న మాట. బయటి నుంచి ఓపియాయిడ్ వస్తూనే ఉంటే హైపోథాలమస్‌లో సీఆర్‌హెచ్ (పిట్యూటరీని లేపే హార్మోన్) తగ్గుతుంది, పిట్యూటరీలో ఏసీటీహెచ్ తగ్గుతుంది, కార్టిసాల్ పడిపోతుంది. ఎలుకల్లో మాత్రం ఒక్క మోతాదు మార్ఫిన్ కార్టికోస్టిరాన్‌ని పెంచుతుంది. ఆ ఎలుకల పాఠమే చదివి 'ఓపియాయిడ్ ఒత్తిడి హార్మోన్ పెంచుతుంది కదా' అనేవాళ్లున్నారు. మనిషిలో తగ్గిస్తుంది. మందు ఆగినప్పుడు, లేదా ఓపియాయిడ్ విరుగుడు నాలోక్సోన్ ఇచ్చినప్పుడు, ఆ మూత తెరుచుకుని ఏసీటీహెచ్, కార్టిసాల్ ఎగబాకుతాయి. ఇది ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో. పగలూ రాత్రీ మందు నిండి ఉన్న ఒంట్లో ఆ వ్యవస్థ లేవడం మరిచిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. సీఆర్‌హెచ్ ఒక్క హైపోథాలమస్‌లోనే కాదు, అమిగ్డలా చుట్టుపక్కలా పనిచేస్తుంది. అక్కడ దాని పని భయం, అశాంతి, మందు కోసం తపన. విత్‌డ్రాయల్‌లో అది పెరుగుతుంది. అంటే ఈ రోగి మెదడులో భయం పుట్టించే సీఆర్‌హెచ్ ఉరకలేస్తోంది, ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ మాత్రం లేదు. పైకి చూసేవాడికి 'టెన్షన్ పడుతున్నాడు' అనిపిస్తుంది, ఒత్తిడి హార్మోన్ ఎక్కువై ఉంటుందని ఊహిస్తాం. లోపల నిజం అందుకు తలకిందులు.

రక్తనాళాలు నార్‌అడ్రినలిన్ మాట వినాలంటే కార్టిసాల్ తోడుండాలి. అది లేని మనిషిని ఆ పూట నిలబెట్టింది విత్‌డ్రాయల్‌లోని నార్‌అడ్రినలిన్ హోరే. క్లోనిడిన్ ఆ హోరుని ఆపింది. ఆధారం పోయి కూలాడు. మందు తప్పు కాదు, వరుస తప్పు. విత్‌డ్రాయల్‌లో ఉన్న రోగికి నిలబెట్టి బీపీ చూడకుండా క్లోనిడిన్ ఇవ్వకూడదు. నిలబడినప్పుడు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ముందు సోడియం, షుగర్, పొద్దుటి కార్టిసాల్ చూడాలి.

ఇంకేమైనా కావొచ్చా

మన దగ్గర తక్కువ కార్టిసాల్‌కి మొదటి కారణం ఓపియాయిడ్ కాదు, తెలియకుండా తిన్న స్టిరాయిడ్. కీళ్ల నొప్పులకు పొట్లాల్లో ఇచ్చే పొడులు, ఊళ్లో వేసే డెక్సా ఇంజెక్షన్లు, నడుములో వేసే డిపో స్టిరాయిడ్, ఆస్తమా ఇన్‌హేలర్లు, చర్మానికి రాసే క్రీములు ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. 'స్టిరాయిడ్ వాడారా' అని అడిగితే లేదనే చెబుతారు. 'వేసుకున్న రోజే నొప్పి మాయమైన సూది ఏదైనా ఉందా' అంటే గుర్తొస్తుంది. ఈయనకు నడుము సూది పడింది మూడేళ్ల కిందట, తర్వాత లేదు. ముఖం గుండ్రంగా లేదు, చర్మం పలచబడలేదు.

థైరాయిడ్ బాగుంది: టీఎస్‌హెచ్ 2.8, ఫ్రీ టీ4 మామూలు. ఇది ముందే చూసుకోవాలి. కార్టిసాల్ లేని మనిషికి థైరాక్సిన్ ముందు ఇస్తే అడ్రినల్ సంక్షోభం రావొచ్చు. పిట్యూటరీ ఎంఆర్‌ఐలో ఏమీ లేదు. ఎల్‌హెచ్ (టెస్టోస్టిరాన్‌ని పుట్టించమని చెప్పే పిట్యూటరీ హార్మోన్) 1.2, టెస్టోస్టిరాన్ 142 నానోగ్రాములు/డెసిలీటర్, రెండూ తక్కువే. ఓపియాయిడ్లు పిట్యూటరీ పైనుంచి అణిచే దారి ఇదీ ఒకటి. సంసార జీవితం గురించి అడిగితేనే చెప్పాడు, రెండేళ్లుగా కోరిక లేదని. అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2016 మార్చిలో అన్ని ఓపియాయిడ్ల లేబుళ్ల మీదా అడ్రినల్ లోపాన్నీ, సెక్స్ హార్మోన్ల తగ్గుదలనీ చేర్చమంది. మన ప్రిస్క్రిప్షన్లలో ఆ ఊసు ఇంకా తక్కువే.

సోడియం దగ్గర ఇంకో ప్రమాదం

హైడ్రోకార్టిసోన్ ఇచ్చాక సోడియం దానంతట అదే పెరుగుతుంది, అసలు ప్రమాదం అక్కడే. కార్టిసాల్ లేనప్పుడు ఏడీహెచ్ అనే హార్మోన్ నీటిని పట్టి ఉంచుతుంది. ట్రమడాల్ కూడా ఆ పని చేయగలదు. స్టిరాయిడ్ పడగానే ఆ పట్టు వదిలి మూత్రం వరదలా వస్తుంది, సోడియం ఒక్కసారిగా ఎగబాకుతుంది. 24 గంటల్లో 8 దాటి పెరిగితే మెదడు కాండంలో నరాల పొర దెబ్బతినొచ్చు. తిండి తగ్గి బరువు పోయిన మనిషికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఈయనకు ఆరు గంటల్లో 121 నుంచి 126కి వచ్చింది, మూత్రం గంటకు 300 మి.లీ. సెలైన్ ఆపి 5 శాతం డెక్స్‌ట్రోజ్ పెట్టి, ఏడీహెచ్‌లా పనిచేసే డెస్మోప్రెసిన్ 2 మైక్రోగ్రాములు ఇచ్చారు. నాలుగు గంటలకోసారి సోడియం. 24 గంటలకు 129 దగ్గర ఆగింది. యూరిన్ బ్యాగులో గంటగంటకీ ఎంత పడిందో రాసే చార్టు ఈ రాత్రి ల్యాబ్ కంటే ముందు హెచ్చరిస్తుంది. గంటకు 100 మి.లీ. దాటిందంటే సోడియం వెంటనే చూడాలి.

మందు మార్చడం

మర్నాడు పొద్దున బీపీ 146/90, పల్స్ 104, కౌస్ 16. కార్టిసాల్ తోడు దొరికాక విత్‌డ్రాయల్ తన అసలు ముఖం చూపించింది. చివరి ట్రమడాల్ పడి 34 గంటలు. బ్యూప్రెనార్ఫిన్-నాలోక్సోన్ 2 మి.గ్రా. నాలుక కింద, రెండు గంటలు చూసి ఇంకో 2. సాయంత్రానికి కౌస్ 5. రోజుకు 4 మి.గ్రా. దగ్గర నిలిపారు. ట్రమడాల్‌నే మెల్లగా తగ్గించొచ్చు కదా అంటే తగ్గించొచ్చు, చాలామందికి అదే మేలు. కానీ ఫిట్స్ ఒకసారి వచ్చిన మనిషికి, చేతికి స్ట్రిప్పులిస్తే లెక్క నిలవని మనిషికి అది కుదరదు. ట్రమడాల్ 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందికి వచ్చింది, అంతకు ముందే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1లో ఉంది. అయినా ఈయనకు పదహారు దొరుకుతూనే వచ్చాయి.

బ్యూప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే, అడ్రినల్‌ని అది అణచదా? మ్యూ రిసెప్టర్‌ని సగం మాత్రమే నొక్కే మందు కాబట్టి హార్మోన్ల మీద దాని భారం తక్కువగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, అది రోజంతా ఒకే స్థాయిలో ఉంటుంది. నాలుగైదు గంటలకోసారి మాత్ర వేసుకునేవాడి మెదడు రోజుకు నాలుగుసార్లు చిన్న చిన్న విత్‌డ్రాయల్స్ పడుతుంది. హెరాయిన్ నుంచి మెథడోన్‌కి మారి స్థిరపడినవాళ్లలో కార్టిసాల్ లయ కాలక్రమంలో మామూలు స్థితికి రావడాన్ని న్యూయార్క్‌లో మేరీ జీన్ క్రీక్ బృందం ఏనాడో చూపించింది. ఒడిదుడుకులు తగ్గడమే సగం వైద్యం.

డిప్రెషన్ మాత్ర వెంటనే మొదలుపెట్టలేదు. ట్రమడాల్ ఇంకా ఒంట్లో ఉండగా సెరటోనిన్ మందు కలపడం మంచిది కాదు. పైగా కార్టిసాల్ లేని నీరసానికి డిప్రెషన్ అని పేరు పెట్టేస్తే అసలు జబ్బు దాగిపోతుంది. మూడు వారాలకు ఆయన తనంతట తాను గడ్డం గీసుకుని వచ్చాడు.

టాలరెన్స్ (మందుకి ఒళ్లు అలవాటుపడటం) అన్నిటికీ ఒకేలా రాదు, పోయేటప్పుడూ ఒకేలా పోదు. హాయికి, నొప్పికి త్వరగా అలవాటవుతుంది. శ్వాస తగ్గించే గుణానికి నిదానంగా, సగమే అలవాటవుతుంది. మలబద్ధకానికి దాదాపు కాదు. నెల మానేసిన మనిషి పాత లెక్కన పదహారు వేసుకుంటే ఆ మోతాదుని తట్టుకునే ఒళ్లు ఇప్పుడు లేదు. ఈ మాట రోగితోనే కాదు, మాత్రలు ఎక్కడ దాస్తాడో తెలిసిన ఇంటివాళ్లతో కూడా చెప్పాలి.

తర్వాతి అయిదు నెలలు

ఇంటికి పంపేటప్పుడు హైడ్రోకార్టిసోన్ లేవగానే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 మి.గ్రా. జ్వరం వస్తే రెండింతలు, రెండు మూడు రోజులు. వాంతులైతే మాత్ర నమ్మొద్దు, 100 మి.గ్రా. కండరానికి ఇంజెక్షన్, తర్వాత ఆసుపత్రి. మూడో నెలలో ఇది తప్పింది. విరేచనాలు పట్టుకుంటే మాత్రలు మామూలుగానే వేసుకున్నాడు, రెండో రోజుకి లేవలేకపోయాడు. భార్య దగ్గర వయల్ ఉంది కానీ సిరంజి లేదు. అప్పటి నుంచి వయల్, సిరంజి, నీళ్ల ఆంప్యూల్ మూడూ ఒకే డబ్బాలో కట్టి ఇవ్వడం మొదలైంది.

మండల కేంద్రంలో హైడ్రోకార్టిసోన్ మాత్ర అయిపోతే ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. దాదాపు 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్‌కి సమానం, సర్దుకోవచ్చు. అయితే చాలా ల్యాబ్ పద్ధతుల్లో ప్రెడ్నిసొలోన్ కార్టిసాల్‌లా కనిపించి అంకె పెంచుతుంది. పరీక్షకు ముందు అది వేసుకున్నాడేమో అడగాలి. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ ఇంకా పెద్ద చిక్కు. హైడ్రోకార్టిసోన్‌నీ బ్యూప్రెనార్ఫిన్‌నీ రెండింటినీ త్వరగా ఖర్చు చేసేస్తుంది, అడ్రినల్ సంక్షోభమూ విత్‌డ్రాయలూ కలిసి వస్తాయి.

అడ్రినల్ మేలుకుందో లేదో చూడటానికి ముందురోజు మధ్యాహ్నం మోతాదు తర్వాత హైడ్రోకార్టిసోన్ ఆపి, పొద్దున 8కి మాత్ర వేసుకోకముందు రక్తం తీశారు. రెండో నెల 5.8, నాలుగో నెల 9.4. మూడు కంటే తక్కువైతే లోపం ఖాయం, 15 దాటితే దాదాపు లేనట్టే, మధ్యలో ఉన్నవాళ్లకే పరీక్ష కావాలి. అయిదో నెలలో సినాక్తెన్ (తయారుచేసిన ఏసీటీహెచ్) 250 మైక్రోగ్రాములు ఇచ్చి 30 నిమిషాలకు చూస్తే 19.6. సినాక్తెన్ దొరకని చోట మన ఎండోక్రైన్ క్లినిక్కుల్లో ఆక్టన్ ప్రొలాంగేటమ్ 25 యూనిట్లు కండరానికి ఇచ్చి గంటకు, రెండు గంటలకు చూస్తారు. ఒక జాగ్రత్త ఉంది. పిట్యూటరీ ఈమధ్యే మూగబోయి ఉంటే అడ్రినల్ ఇంకా ఎండిపోలేదు కాబట్టి ఈ పరీక్ష మామూలుగా రావొచ్చు. చేరిన వారంలోనే చేసి 'అడ్రినల్ బాగుంది' అనుకుని ఉంటే ఈయన రెండోసారి కూలేవాడు.

హైడ్రోకార్టిసోన్ ఆపేశారు. టెస్టోస్టిరాన్ 318కి వచ్చింది, బయటి నుంచి ఇవ్వలేదు. బరువు అయిదు కిలోలు పెరిగింది. నడుము నొప్పి ఉంది, పదికి నాలుగు అంటున్నాడు. క్వారీలో రాయి ఎత్తే పని నుంచి కోత మెషీన్ దగ్గరికి మారాడు. బ్యూప్రెనార్ఫిన్ 2 మి.గ్రా.కి తగ్గింది. దాన్ని పూర్తిగా ఆపే రోజున మళ్లీ నిలబెట్టి బీపీ చూడాలని, పొద్దుటి కార్టిసాల్ తీయాలని ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసి ఉంది. పర్సులో పెట్టుకున్న, స్టిరాయిడ్ అవసరమని చెప్పే ఎమర్జెన్సీ కార్డు అప్పటిదాకా తీయొద్దన్నారు.